కల్తీ కల్లు పరీక్షలు: రక్తం, మూత్రం, వెంట్రుకల్లో మత్తుమందుల గుర్తింపు

కల్లులో కలిపిన మత్తుమందులను, ఆ కల్లు తాగినవారి శరీరంలో గుర్తించే ప్రయోగశాల పద్ధతుల గురించి ఈ వ్యాసం. క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, అల్ప్రాజోలం అనే మూడు పదార్థాలు ఇందులో ముఖ్యమైనవి. ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో, ముఖ్యంగా బోధన్, వర్ని, మోస్రా, బాన్సువాడ ప్రాంతంలో ఇది ఆసుపత్రులకూ ఎక్సైజ్ శాఖకూ తరచుగా ఎదురయ్యే సమస్య. సీసాలోని కల్లును పరీక్షించడం ఒక పని, మనిషి రక్తాన్నో మూత్రాన్నో పరీక్షించడం మరో పని. మొదటిది కేసు పెట్టడానికి అవసరం. రెండోది ప్రాణం కాపాడటానికీ, ఊరంతా ఎంతగా అలవాటు పడిందో తెలుసుకోవడానికీ అవసరం. చర్చంతా మొదటిదాని చుట్టూనే సాగుతోంది కాబట్టి ఇక్కడ రెండోదానికి ఎక్కువ చోటు ఇస్తున్నాం.

ప్రాంతం, కల్లు, కల్తీ

వర్ని మండలం నుంచి విడివడి కొత్త మండలంగా ఏర్పడిన మోస్రా నిజాంసాగర్ ఆయకట్టులోని ఊరు. మంజీర నదిపై 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆ ప్రాజెక్టు నీళ్లతో ఇక్కడ వరి, చెరకు విస్తారంగా పండాయి. ఆ చెరకు కోసమే 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. 2015 డిసెంబరులో అది మూతపడే దాకా ఈ ప్రాంతపు ఆర్థిక జీవనానికి అదే కేంద్రం. నాట్లకు, కోతలకు, చెరకు నరకడానికి వచ్చే కూలీలకు పగలంతా ఒళ్లు విరిగే పని. సాయంత్రం కల్లు దుకాణం దగ్గర ఆగడం ఆడా మగా తేడా లేకుండా ఇక్కడి పల్లెల్లో ఏనాటి నుంచో ఉన్న అలవాటు.

ఈత చెట్టు, తాటి చెట్టు గీసి దించిన రసం లొట్టిలో ఉండగానే పులవడం మొదలవుతుంది. ఈస్టుతో పాటు జైమోమోనాస్ అనే బాక్టీరియా, లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసే బాక్టీరియాలు అందులోని చక్కెరను కొన్ని గంటల్లోనే ఆల్కహాల్‌గా, ఆమ్లాలుగా మారుస్తాయి. మామూలు కల్లులో ఆల్కహాల్ నాలుగైదు శాతం. బాగా పులిస్తే మరికాస్త పెరుగుతుంది, ఆ తర్వాత అది వెనిగర్ దారి పడుతుంది. అసలు కల్లుకు నిలవ ఉండే గుణం లేదు. చెట్లు తగ్గి, తాగేవారు తగ్గకపోవడంతో డిపో నుంచి దుకాణాలకు వెళ్లే సరుకులో నీళ్లు, చక్కెర, శాకరిన్, నురగ కోసం మరొకటి చేరాయి. నీళ్లు కలిస్తే మత్తు పలచబడుతుంది. ఆ లోటు పూడ్చడానికి మత్తుమందు చేరింది. మోకు, ముస్తాదు భుజాన వేసుకొని చెట్టెక్కే గీత కార్మికుడికి ఈ కల్తీలో లాభం లేదు. పైగా అతని వృత్తి పేరు చెడింది, అతని ఇంటివాళ్లే ఆ మందు కల్లుకు బానిసలయ్యారు.

క్లోరల్ హైడ్రేట్‌ను జర్మన్ రసాయనవేత్త జస్టస్ ఫాన్ లీబిగ్ 1832లో తయారుచేశాడు. 1869లో ఆస్కార్ లీబ్రైష్ దాన్ని నిద్రమందుగా వాడకంలోకి తెచ్చాడు. ఇక్కడి వాడుకలో అది ‘సీహెచ్’. డైజెపామ్ 1963లో హాఫ్‌మన్ లా రోష్ కంపెనీ నుంచి మార్కెట్లోకి వచ్చింది. దాని వెనుక ఉన్నది లియో స్టెర్న్‌బాఖ్ పరిశోధన. పల్లెల్లో దాన్ని ‘డైజోఫాం’ అంటారు. అప్‌జాన్ కంపెనీ తయారుచేసిన అల్ప్రాజోలంకు అమెరికాలో 1981లో అనుమతి దొరికింది. కల్తీలో ఈ మూడూ దాదాపు ఇదే వరుసలో ఒకదాని స్థానంలోకి ఒకటి వచ్చాయి. కారణం మోతాదు. క్లోరల్ హైడ్రేట్ మత్తు ఇవ్వాలంటే అర గ్రాము నుంచి గ్రాము దాకా కావాలి. డైజెపామ్ అయితే 5 నుంచి 10 మిల్లీగ్రాములు. అల్ప్రాజోలం అయితే అర మిల్లీగ్రాము చాలు. వంద గ్రాముల అల్ప్రాజోలం పొడి అంటే రెండు లక్షల మోతాదులు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం అల్ప్రాజోలంలో 5 గ్రాములను స్వల్ప పరిమాణంగా, 100 గ్రాములను వాణిజ్య పరిమాణంగా లెక్కించడానికీ, డైజెపామ్‌కు ఆ హద్దులు 20 గ్రాములు, 500 గ్రాములుగా ఉండటానికీ ఈ తేడా అర్థమైతే కారణం తెలుస్తుంది. చొక్కా జేబులో పట్టే పొట్లంతో ఒక మండలానికి సరిపడా మత్తు తయారవుతుంది.

ప్రయోగశాలకు ఎదురైన సవాలు కూడా ఇదే. మందు ఎంత బలమైనదైతే రక్తంలో అది అంత తక్కువగా ఉంటుంది. దాన్ని పట్టుకునే పరికరం అంత సున్నితంగా ఉండాలి.

శరీరంలో మందు ఏమవుతుంది

పరీక్ష ఏ పదార్థం కోసం వెతకాలో నిర్ణయించేది కాలేయం. క్లోరల్ హైడ్రేట్ మింగిన కొద్ది నిమిషాల్లోనే ట్రైక్లోరోఇథనాల్‌గా మారిపోతుంది. నిద్ర పుచ్చేది నిజానికి ఇదే. రక్తంలో క్లోరల్ హైడ్రేట్ కోసమే వెతికితే దాదాపు ఎప్పుడూ దొరకదు. ట్రైక్లోరోఇథనాల్ అర్ధాయువు, అంటే ఒంట్లో సగానికి తగ్గడానికి పట్టే సమయం, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు. దానితో పాటు ఏర్పడే ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం రోజుల తరబడి నిలుస్తుంది. అందుకే రెండు మూడు రోజుల తర్వాత ఆసుపత్రికి వచ్చినవారిలో చూడాల్సింది ఈ ఆమ్లాన్నే.

డైజెపామ్ అర్ధాయువు ఒకటి నుంచి రెండు రోజులు. అది విరిగి నార్‌డైజెపామ్ అవుతుంది. ఆ నార్‌డైజెపామ్ అంతకంటే మొండిది, వంద గంటల దాకా సగం కూడా తగ్గకపోవచ్చు. డైజెపామ్ చివరకు ఆక్సాజెపామ్, టెమాజెపామ్ అనే రూపాల్లో కూడా మూత్రంలోకి వస్తుంది. ఏళ్ల తరబడి రోజూ తాగినవారు మానేసిన వారాల తర్వాత కూడా మూత్రంలో దీని జాడ కనిపిస్తుంది. అల్ప్రాజోలం అలా కాదు. అర్ధాయువు సుమారు 11 గంటలు. అది ఆల్ఫా హైడ్రాక్సీ అల్ప్రాజోలంగా మారి, గ్లూకురోనిక్ ఆమ్లంతో జతకట్టి మూత్రంలో బయటికి పోతుంది. కొద్దిపాటి మోతాదు తీసుకున్నవారిలో రెండు నుంచి నాలుగు రోజులు దాటితే మూత్రం చేతులెత్తేస్తుంది. కల్తీలో డైజెపామ్ పోయి అల్ప్రాజోలం రావడంతో పరీక్షకు దొరికే సమయం కూడా వారాల నుంచి రోజులకు కుంచించుకుపోయింది.

అంకెల్లో చూద్దాం. అర మిల్లీగ్రాము నుంచి మూడు మిల్లీగ్రాముల అల్ప్రాజోలం వేసుకున్న మనిషి ప్లాస్మాలో గరిష్ఠ స్థాయి మిల్లీలీటరుకు 8 నుంచి 37 నానోగ్రాములు. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లవ వంతు. చికిత్సలో డైజెపామ్ స్థాయి వందల నానోగ్రాముల్లో ఉంటుంది. క్లోరల్ కుటుంబం మైక్రోగ్రాముల్లో, అంటే వెయ్యి రెట్ల మెట్టు మీద ఉంటుంది. నలభై ఏళ్ల కిందటి పరికరాలకు క్లోరల్ సులువు, డైజెపామ్ కష్టం, అల్ప్రాజోలం మరీ కష్టం.

పాత పద్ధతులు

క్లోరల్‌కు ఫుజివారా పరీక్ష 1916 నుంచి ఉంది. నమూనాలో పిరిడిన్, కాస్టిక్ సోడా ద్రావణం కలిపి వేడిచేస్తే పిరిడిన్ పొర ఎర్రబారుతుంది. చవక, పది నిమిషాల పని. కానీ క్లోరోఫాం ఉన్నా, ట్రైక్లోరోఎథిలీన్ ఉన్నా అదే రంగు వస్తుంది. పైగా పిరిడిన్ ఆవిరి పరీక్ష చేసేవారి ఆరోగ్యానికి మంచిది కాదు. డైజెపామ్‌ను ఫోరెన్సిక్ ప్రయోగశాలలు చాలాకాలం పలుచటి సిలికా పూత పలకల మీద వేరుచేసి, మచ్చలు ఏ ఎత్తుకు పాకాయో చూసి గుర్తించాయి. సీసాలోని కల్లుకు ఈ పద్ధతి నేటికీ పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ మందు మోతాదు ఎక్కువ. రక్తానికి పనికిరాదు.

యాంటీబాడీ పరీక్షలు

1959–60లో రోసలిన్ యాలో, సాలమన్ బెర్సన్ రేడియోధార్మికత సాయంతో ఇన్సులిన్‌ను కొలిచి ఇమ్యునోఅస్సేకు పునాది వేశారు. 1971లో స్వీడన్‌కు చెందిన ఎంగ్వాల్, పెర్ల్‌మన్ రేడియోధార్మికత స్థానంలో ఎంజైమును పెట్టి ఎలైజాను రూపొందించారు. 1975లో కోలర్, మిల్‌స్టీన్ ఒకే రకం యాంటీబాడీలను ఎంతైనా తయారుచేసుకునే దారి చూపారు. ఈ మూడింటి వారసత్వమే ఇవాళ మందుల దుకాణంలో దొరికే మూత్ర పరీక్ష స్ట్రిప్. గర్భనిర్ధారణ స్ట్రిప్ కూడా ఈ కుటుంబంలోదే. అయితే మత్తుమందు స్ట్రిప్‌లో గీత కనిపిస్తే మందు లేదని, గీత రాకపోతే ఉందని అర్థం. మందు అణువులు యాంటీబాడీని ముందే ఆక్రమించేస్తాయి కాబట్టి గీత దగ్గర రంగు కట్టదు. చదవడం రాక గందరగోళపడే సందర్భాలకు ఇదే మూలం. స్ట్రిప్ వాడే ప్రతి ఆరోగ్య కేంద్రంలో ఈ సంగతి తెలుగులో రాసి గోడకు అంటించి ఉండాలి.

డైజెపామ్, అల్ప్రాజోలం రెండూ చేరే బెంజోడైయాజెపీన్ కుటుంబపు స్ట్రిప్‌లో మూత్రంలో మందు మిల్లీలీటరుకు 300 నానోగ్రాములు దాటితేనే పాజిటివ్ అని లెక్క. కొన్ని పరీక్షల్లో ఈ హద్దు 200. చాలా యాంటీబాడీలు ఆక్సాజెపామ్‌నో నార్‌డైజెపామ్‌నో చూసి తయారైనవి కాబట్టి డైజెపామ్‌ను బాగా పడతాయి. అల్ప్రాజోలం విషయంలో ఒక్కో కంపెనీ స్ట్రిప్ ఒక్కోలా ప్రవర్తిస్తుంది. గ్లూకురోనైడ్‌తో జతకట్టిన రూపాన్ని చాలావరకు గుర్తించలేవు. క్లోరల్ హైడ్రేట్ వేరే జాతి, అందుకే ఈ స్ట్రిప్‌కు అది కనిపించదు. కాబట్టి స్ట్రిప్ నెగెటివ్ వచ్చిందని కల్తీ కల్లు కాదని తేల్చేయడం ప్రమాదం. పాజిటివ్ వచ్చినా డాక్టరు రాసిన నిద్రమాత్ర వల్ల కావచ్చు. స్ట్రిప్ చెప్పేది అనుమానం వరకే. రుజువు మరో చోట దొరకాలి.

ద్రవ్యరాశితో గుర్తింపు

ఆ చోటు, అణువులను వాటి బరువును బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమీటర్. వాయు క్రొమటోగ్రఫీకి జోడించిన మాస్ స్పెక్ట్రోమీటర్ 1970ల నుంచే విషపరీక్షల్లో ప్రామాణికం. క్లోరల్ వంటి తేలికగా ఆవిరయ్యే వాటికి నేటికీ అదే ఉత్తమం. నమూనాను మూసిన సీసాలో వేడిచేసి, పైన చేరిన ఆవిరిని మాత్రమే యంత్రంలోకి పంపిస్తారు. రక్తంలోని మాంసకృత్తులు, కొవ్వులు కిందే ఉండిపోతాయి, యంత్రం మురికి కాదు. ఆల్కహాల్‌ను కూడా ఇదే పద్ధతిలో, ఒకే నమూనాలో కొలవచ్చు.

అల్ప్రాజోలం వంటి, వేడికి సులువుగా ఆవిరి కాని మందులకు నిజమైన మలుపు జాన్ ఫెన్ ఎలక్ట్రోస్ప్రేతో వచ్చింది. ద్రవంలో కరిగిన అణువును విరగ్గొట్టకుండా విద్యుదావేశంతో గాలిలోకి లేపే ఈ ఉపాయానికి 2002లో ఆయనకు నోబెల్ బహుమతి దక్కింది. అప్పటికే 1978లో యోస్ట్, ఎన్కీ అయాన్లను బరువును బట్టి వడకట్టే క్వాడ్రుపోల్‌లను మూడింటిని వరుసగా పెట్టిన యంత్రాన్ని రూపొందించి ఉన్నారు. రెండూ కలిసి ద్రవ క్రొమటోగ్రఫీ వెనక చేరడంతో నేటి విషపరీక్షకు వెన్నెముక తయారైంది.

పని ఇలా జరుగుతుంది. అర మిల్లీలీటరు రక్తంలో ఎసిటోనైట్రైల్ కలిపితే మాంసకృత్తులు గడ్డకట్టి అడుగున చేరతాయి. అంతకుముందే నమూనాలో తెలిసిన మోతాదులో ‘బరువైన’ అల్ప్రాజోలం వేస్తారు. అందులో ఐదు హైడ్రోజన్ల స్థానంలో డ్యుటీరియం ఉంటుంది. ప్రవర్తనలో అసలుదానికీ దీనికీ తేడా లేదు, బరువులో మాత్రమే తేడా. శుద్ధిచేసేటప్పుడు అసలు మందు కొంత పోతే ఇదీ అంతే నిష్పత్తిలో పోతుంది కాబట్టి లెక్క తప్పదు. పైనున్న తేట ద్రవాన్ని సన్నని గొట్టంలోకి పంపితే మందులు ఒకదాని వెనక ఒకటి బయటికి వస్తాయి. మొదటి క్వాడ్రుపోల్ 309 ద్రవ్యరాశి ఉన్న అల్ప్రాజోలం అయాన్లను మాత్రమే లోపలికి వదులుతుంది. రెండోదాంట్లో అవి వాయు అణువులను ఢీకొని విరుగుతాయి. మూడోది 281, 205 ద్రవ్యరాశి ఉన్న ముక్కలను లెక్కపెడుతుంది. డైజెపామ్‌కు 285 నుంచి 193, 154. గొట్టంలోంచి వచ్చిన సమయం, అసలు అణువు బరువు, రెండు ముక్కల బరువులు, ఆ ముక్కల మధ్య నిష్పత్తి, ఇన్నీ సరిపోతేనే ఫలితం ‘ఉంది’ అని రాస్తారు. మరో పదార్థం ఇన్ని షరతులనూ అనుకోకుండా నెరవేర్చడం దాదాపు జరగదు. కోర్టులో ఈ ఫలితానికి ఉన్న బలం అక్కడి నుంచే వస్తుంది. మిల్లీలీటరుకు ఒక నానోగ్రాము కంటే తక్కువ ఉన్నా ఈ యంత్రం చూడగలదు.

మూత్రానికి ఒక మెట్టు ఎక్కువ. గ్లూకురోనైడ్ జతను ముందుగా బీటా గ్లూకురోనిడేజ్ అనే ఎంజైముతో విడగొట్టాలి. ఒకప్పుడు ఒక రకం నత్త నుంచి తీసిన ఎంజైముతో రాత్రంతా నానబెట్టేవారు. ప్రయోగశాలలో తయారుచేసిన కొత్త ఎంజైములు అదే పని గంటలోపే పూర్తిచేస్తున్నాయి. రోగి మంచం మీద ఉండగా ఫలితం రావాలంటే ఈ ఆదా చాలా విలువైనది.

కల్లు నమూనాకు దాని సొంత చిక్కులు ఉన్నాయి. సీసాలో పట్టి సీలు వేశాక కూడా ఈస్టు ఆగదు. వాయువు పేరుకుంటుంది, ఆల్కహాల్ శాతం మారుతుంది. చల్లగా ఉంచకపోతే పట్టుకున్న నాటి కల్లు వేరు, పరీక్షించిన నాటి కల్లు వేరు. రక్తంలోనూ ఇలాంటిదే జరుగుతుంది. బాక్టీరియా చేరితే ఆల్కహాల్ పుట్టవచ్చు. అందుకే ఆల్కహాల్ పరీక్షకు తీసే రక్తాన్ని సోడియం ఫ్లోరైడ్ ఉన్న బూడిదరంగు మూత గొట్టంలోనే తీయాలి.

నమూనాను దూరం దాటించడం

మోస్రా నుంచి రక్త నమూనా హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని రాష్ట్ర ఫోరెన్సిక్ ప్రయోగశాలకు చేరాలంటే పోలీసు స్టేషను, ఆసుపత్రి, మంచుపెట్టె, కాగితాలు అన్నీ కలిసిరావాలి. కొత్త పద్ధతుల్లో ఈ ప్రాంతానికి అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడగలిగేవి యంత్రాలు కావు, నమూనా తీసే తీరులో వచ్చిన మార్పులే అని నా అభిప్రాయం.

వాటిలో మొదటిది ఎండిన రక్తపు చుక్క. అమెరికాలో రాబర్ట్ గత్రీ 1960ల ఆరంభంలో పసిపిల్లల మడమ నుంచి తీసిన రక్తాన్ని దళసరి కాగితం మీద ఎండబెట్టి జన్యు వ్యాధిని పరీక్షించాడు. అదే కాగితం ఇప్పుడు విషపరీక్షలకు వచ్చింది. వేలి కొన నుంచి ఒక చుక్క చాలు. ఎండాక ఎంజైములు, సూక్ష్మజీవులు పనిచేయవు కాబట్టి చాలా మందులు మామూలు గది వేడిలో రోజుల తరబడి నిలుస్తాయి. మంచుపెట్టె అక్కర్లేదు, కవరులో పెట్టి తపాలాలో పంపవచ్చు. ఆశా కార్యకర్తకు చుక్క తీయడం కొత్త కాదు, మలేరియా రక్తపూత తీసే చేయి అదే. ఇబ్బంది ఏమిటంటే చుక్కలో ఉండే రక్తం యాభై మైక్రోలీటర్ల లోపే. రక్తం చిక్కగా ఉన్న మనిషిలో చుక్క తక్కువగా పాకి, రక్తహీనత ఉన్నవారిలో ఎక్కువగా పాకి కొలత తేడా వస్తుంది. మన పల్లెల్లో ఆడవాళ్లలో రక్తహీనత ఎక్కువ కాబట్టి దీన్ని చిన్న విషయంగా తీసెయ్యకూడదు. నిర్ణీత పరిమాణాన్ని మాత్రమే పీల్చుకునే సూక్ష్మ నమూనా పరికరాలు ఈ లోపాన్ని సరిచేయడానికి వచ్చినవే. క్లోరల్ కుటుంబానికి ఈ పద్ధతి కుదరదు. ఆవిరయ్యేవి ఎండబెట్టేటప్పుడే ఎగిరిపోతాయి.

రెండోది వెంట్రుక. తల వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. రక్తంలో ఉన్న మందు కొంత వెంట్రుక కుదుళ్లలో చేరి, పెరుగుదలతో పాటు బయటికి వస్తుంది. మాడు దగ్గర కత్తిరించిన మూడు సెంటీమీటర్ల కుచ్చును సెంటీమీటరు చొప్పున ముక్కలు చేసి వేర్వేరుగా పరీక్షిస్తే మూడు నెలల చరిత్ర నెలవారీగా తెలుస్తుంది. మూత్రం మొన్నటి సంగతి చెబితే వెంట్రుక మొన్నటి నాట్ల కాలం సంగతి చెబుతుంది. ఒక ఊళ్లో కల్తీ ఎప్పుడు మొదలైంది, డైజెపామ్ నుంచి అల్ప్రాజోలంకు ఎప్పుడు మారింది అనే ప్రశ్నలకు బతికున్న మనుషుల్లో జవాబు వెతకగలిగేది దీంతోనే. మోతాదు పికోగ్రాముల్లో, అంటే నానోగ్రాములో వెయ్యో వంతులో ఉంటుంది కాబట్టి మూడు క్వాడ్రుపోల్‌ల యంత్రం లేకుండా ఇది సాధ్యం కాదు. ఒకే ఒక్కసారి తాగితే కనిపించకపోవచ్చు. రంగు వేసిన జుట్టులో మందు తగ్గిపోతుంది.

లాలాజలం తీయడం సులువు కానీ డైజెపామ్‌కు అది మంచి ఎంపిక కాదు. రక్తంలో డైజెపామ్ సుమారు 98 శాతం మాంసకృత్తులను అంటిపెట్టుకొని ఉంటుంది. మిగిలిన కొద్దిపాటి భాగమే లాలాజలంలోకి వస్తుంది. అల్ప్రాజోలం అంటుకునేది 80 శాతం మేరకే కాబట్టి కొంత నయం.

ఆల్కహాల్ విషయంలోనూ కొత్త గుర్తులు వచ్చాయి. ఆల్కహాల్ రక్తం నుంచి గంటల్లో పోతుంది. కానీ దాని నుంచి ఏర్పడే ఇథైల్ గ్లూకురోనైడ్ మూత్రంలో మూడు నాలుగు రోజుల దాకా కనిపిస్తుంది. ఒకే మూత్రంలో దీన్నీ అల్ప్రాజోలం అవశేషాన్నీ పక్కపక్కన చూస్తే, మనిషి ఆల్కహాల్‌తో పాటు మందు ఏ మేరకు తీసుకున్నాడో ఒక అంచనా దొరుకుతుంది.

తెలియని దాని కోసం వెతకడం

ఇప్పటిదాకా చెప్పిన పద్ధతులన్నీ అడిగినదానికే జవాబిస్తాయి. 309 కోసం చూడమంటే 309నే చూస్తాయి. కల్తీ చేసేవాడు కొత్త పదార్థం కలిపితే అవి మౌనంగా ఉంటాయి.

2020 డిసెంబరు 5 నుంచి ఏలూరులో వందల మంది మూర్ఛలతో, స్పృహ తప్పి ఆసుపత్రిలో చేరినప్పుడు ఎదురైంది ఈ సమస్యే. వైరస్ కాదని త్వరగా తేలింది, మరి ఏది? ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో బాధితుల రక్తంలో సీసం, నికెల్ ఎక్కువగా కనిపించాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పురుగుమందుల అవశేషాల వైపు చూసింది. లోహాలకూ సేంద్రియ విషాలకూ వేర్వేరు యంత్రాలు కావాలి. లోహాలను వేల డిగ్రీల ప్లాస్మాలో కాల్చి అయాన్లుగా మార్చే మాస్ స్పెక్ట్రోమీటర్ కొలుస్తుంది, పురుగుమందులను క్రొమటోగ్రఫీ వెతుకుతుంది. ఒక ప్రయోగశాల తన యంత్రం చూపగలిగింది చూపుతుంది. అన్ని ఫలితాలనూ ఒకచోట పెట్టి, బాధితులతో పాటు బాధపడని ఇరుగుపొరుగు వారి నమూనాలనూ పోల్చితేనే కారణం బయటపడుతుంది.

కల్లు విషయంలోనూ ఈ పాఠం అవసరపడింది. 2025 ఏప్రిల్‌లో మోస్రాకు దగ్గరలోనే, కామారెడ్డి జిల్లా నసురుల్లాబాద్, బీర్కూర్ మండలాల పల్లెల్లో కల్లు తాగిన 50 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. మెడలు వంకర పోవడం, నాలుక మొద్దుబారడం, వింతగా ప్రవర్తించడం వంటి లక్షణాలు కనిపించాయి. అదే ఏడాది జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్లు తాగినవారు వాంతులు, విరేచనాలతో, మూత్రపిండాలు దెబ్బతిని నిమ్స్ ఆసుపత్రిలో చేరారు, కొందరు చనిపోయారు. అక్కడి కల్లు నమూనాల్లో అల్ప్రాజోలం ఉన్నట్టు అధికారులు ప్రకటించారు.

విషవైద్యం తెలిసినవారు ఇక్కడ ఆగి ఆలోచించాలి. అల్ప్రాజోలం నిద్ర పుచ్చుతుంది, తూలిస్తుంది, ఆల్కహాల్‌తో కలిస్తే ఊపిరి ఆపగలదు. విరేచనాలు, మూత్రపిండాల వైఫల్యం దాని సహజ లక్షణాలు కావు. మెడ తిరిగిపోవడం, నాలుక బిగుసుకోవడం హాలోపెరిడాల్ వంటి మానసిక వ్యాధుల మందుల విషయంలో వైద్య గ్రంథాల్లో కనిపించే లక్షణాలు, బెంజోడైయాజెపీన్‌లవి కావు. కాబట్టి ఇలాంటి ఘటనల్లో అల్ప్రాజోలం దొరకగానే వెతకడం ఆపకూడదు. కలుషితమైన నీటి నుంచి వచ్చిన బాక్టీరియా, ఇథిలీన్ గ్లైకాల్ కుటుంబానికి చెందిన ద్రావకాలు, లోహాలు, ఇతర మానసిక వ్యాధి మందులు, అన్నిటినీ జాబితాలో పెట్టాలి.

ఆ పనికి తగినవి హై రిజల్యూషన్ మాస్ స్పెక్ట్రోమీటర్లు. 2005లో మార్కెట్లోకి వచ్చిన ఆర్బిట్రాప్, అంతకుముందు నుంచీ ఉన్న టైమ్ ఆఫ్ ఫ్లైట్ యంత్రాలు అణువు బరువును దశాంశం తర్వాత నాలుగో స్థానం దాకా కొలుస్తాయి. అంత ఖచ్చితమైన బరువు తెలిస్తే అందులో కార్బన్లెన్ని, నైట్రోజన్లెన్ని, క్లోరిన్ ఉందా లేదా అన్నది లెక్కగట్టవచ్చు. అసలు నమూనా చేతిలో లేకపోయినా పదార్థమేదో ఊహించవచ్చు. ఈ యంత్రం నమూనాలో తనకు కనిపించిన అణువులన్నిటి వివరాలూ దాచిపెడుతుంది కాబట్టి, ఏడాది తర్వాత కొత్త కల్తీ పదార్థం పేరు తెలిసినప్పుడు పాత దత్తాంశాన్ని మళ్లీ తెరిచి అది అప్పుడే ఉందేమో చూడవచ్చు. అల్ప్రాజోలంకు ఒక ఫ్లోరిన్ చేర్చిన ఫ్లూఅల్ప్రాజోలం వంటివి విదేశాల్లో ఇప్పటికే పట్టుబడ్డాయి. అటువంటివి వస్తే పాత పద్ధతులకు కనిపించవు. హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ మాస్ స్పెక్ట్రోమెట్రీలో దేశంలో పేరున్న కేంద్రం. నిపుణుల కొరత ఉన్న చోటు కాదు ఈ రాష్ట్రం.

పొలంగట్టు నుంచి వచ్చే విషాలకు మరో తరహా పరీక్షలున్నాయి. వరి, చెరకు పండే ఈ నేల మీద పారాక్వాట్ గడ్డిమందు మింగినవారు ఆసుపత్రికి వస్తూనే ఉంటారు. వారి మూత్రంలో క్షారం, సోడియం డైథయోనైట్ కలిపితే నీలిరంగు వస్తుంది. ఖర్చు రూపాయల్లో, సమయం నిమిషాల్లో. రంగు ఎంత ముదురుగా ఉంటే పరిస్థితి అంత విషమం. అన్ని విషాలకూ కోట్ల రూపాయల యంత్రం అవసరం లేదనడానికి ఇది సాక్ష్యం.

దుకాణం దగ్గరే కల్లును పరీక్షించే చేతి పరికరాల మీద పరిశోధన సాగుతోంది. 1928లో సి.వి. రామన్ కనుగొన్న కాంతి పరిక్షేపణను వెండి, బంగారు సూక్ష్మకణాల మీద అనేక రెట్లు పెంచే పద్ధతి వాటిలో ముఖ్యమైనది. పొడి రూపంలో పట్టుబడ్డ మందుకు చేతి రామన్ పరికరాలు ఇప్పటికే బాగా పనిచేస్తున్నాయి. పులిసిన కల్లులో, రక్తంలో మాత్రం ఇతర పదార్థాల వెలుగు మందు సంకేతాన్ని కప్పేస్తుంది.

ఆసుపత్రిలో మొదటి గంట

2015 సెప్టెంబరులో ఎక్సైజ్ దాడులు ముమ్మరమై మందు కల్లు దొరకడం ఒక్కసారిగా తగ్గినప్పుడు నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రులు కిటకిటలాడాయి. చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, మూర్ఛలు, లేనివి కనిపించడం, తమలో తాము మాట్లాడుకోవడం అక్కడ చేరినవారి లక్షణాలు. అది కల్లు మానడం వల్ల కాదు, ఏళ్ల తరబడి కల్లులో తెలియకుండా తాగిన బెంజోడైయాజెపీన్ ఆగిపోవడం వల్ల. తాము మందు తీసుకుంటున్నామని వారికే తెలియదు, కాబట్టి డాక్టరుకు చెప్పేవారూ లేరు. మూత్ర పరీక్ష ఒక్కటే ఆ సంగతి చెప్పగలిగింది.

ఈ స్థితికి చికిత్స కూడా బెంజోడైయాజెపీనే. డైజెపామ్‌నో లోరాజెపామ్‌నో ఇచ్చి, రోజుల మీద కొద్దికొద్దిగా తగ్గిస్తారు. మూర్ఛ వచ్చినవారికి ఇంజెక్షను ముందు, పేరు రాసుకోవడం తర్వాత. అది సరైన పద్ధతే. కానీ ఆ ఇంజెక్షను తర్వాత తీసిన మూత్రంలో డైజెపామ్ కనిపిస్తే అది కల్లు నుంచి వచ్చిందా, సూది నుంచి వచ్చిందా ఎవరూ చెప్పలేరు. కల్లులో ఉన్నది అల్ప్రాజోలం అయితే కొంత దారి ఉంది. ఆల్ఫా హైడ్రాక్సీ అల్ప్రాజోలం ఆసుపత్రి ఇచ్చిన డైజెపామ్ నుంచి పుట్టదు. డైజెపామ్ కల్తీ అయితే ఆ మూత్రంలోని ఆధారం పోయినట్టే. కేసు షీటులో ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ సమయానికి ఇచ్చారో గంటా నిమిషాలతో రాసి, ఆ కాగితం నకలు నమూనాతో పంపితేనే ప్రయోగశాల ఫలితాన్ని సరిగ్గా చదవగలుగుతుంది.

2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత, ఏడేళ్లు, అంతకంటే ఎక్కువ శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలంటోంది. సీసాలు, డ్రమ్ములు, పొడి పొట్లాలు అలా చేతికి వస్తాయి. మనిషి ఒంట్లోని ఆధారం మాత్రం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సు చేతిలో ఉంటుంది. ఆ కేంద్రానికి కావాల్సినవి తక్కువే. బూడిదరంగు మూత గొట్టం ఒకటి, మూత్రానికి శుభ్రమైన సీసా ఒకటి, చుక్కల కాగితం ఒకటి, సమయం రాయడానికి అచ్చువేసిన చీటీ ఒకటి. 2013లో మొదలైన నిజామాబాద్ ప్రభుత్వ వైద్య కళాశాలలో ద్రవ క్రొమటోగ్రఫీ మాస్ స్పెక్ట్రోమీటర్ ఒకటి నెలకొల్పి, దాన్ని నడిపే రసాయనవేత్తను నియమిస్తే, బాన్సువాడ, బోధన్, వర్ని, మోస్రా నుంచి వచ్చిన నమూనాలకు రోగి వార్డులో ఉండగానే జవాబు దొరుకుతుంది. అప్పటిదాకా ఇంజెక్షనుకు ముందు తీసిన పది మిల్లీలీటర్ల మూత్రాన్ని ఫ్రిజ్‌లో దాచడం ప్రతి ఆసుపత్రీ నేటి నుంచే చేయగల పని.